కోపానికి కారణం, మాటకి విలువ

"డేట్ దగ్గర పడిందా?" అనే ప్రశ్నని కొందరు జోక్‌గా అడుగుతారు, కొందరు నిజంగా ప్రేమగానే అడుగుతారు. ఎలా అడిగినా, ఎక్కువగా అది వచ్చేది ఆమె ఏదో గట్టిగా అన్న తర్వాతే. దాంతో విషయం మారిపోతుంది. అంతవరకూ పిల్లాడి హోంవర్క్ ఎవరు చూడాలన్నది గొడవ. ఇప్పుడు చర్చ ఆమె ఒంటి గురించి.

నెలసరి ముందు బాధలు కల్పితం కాదు. 1931లో అమెరికన్ డాక్టర్ రాబర్ట్ ఫ్రాంక్ వీటి గురించి రాశాడు. ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్ అన్న పేరు 1953లో ఇంగ్లండ్‌లో కేథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ పెట్టింది. అండం విడుదలయ్యాక పెరిగిన ప్రొజెస్టెరాన్ నెలసరి ముందు పడిపోతుంది. ఈ హెచ్చుతగ్గులు మామూలే. కొందరి మెదడు మాత్రం వాటికి తీవ్రంగా స్పందిస్తుంది. బాగా ముదిరిన రూపమైన పీఎండీడీలో నిరాశ, ఆందోళన, కోపం రోజువారీ జీవితాన్నే ఆపేస్తాయి. అలాంటి మనిషితో "అందరికీ ఉండేదేగా, ఓర్చుకో" అనడం క్రూరత్వం.

అయితే కోపానికి కారణం దొరికితే, ఆ కోపంలో అన్న మాట చెల్లకుండా పోతుందా? ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఇవాళే ఎందుకంది? అన్నది నిజమేనా? హార్మోన్లు జవాబు చెప్పగలిగేది మొదటిదానికే. ఆకలి మీదున్న ఉద్యోగి చిరాగ్గా "జీతం పెంచి మూడేళ్లయింది" అన్నాడనుకోండి. భోజనం పెడితే చిరాకు తగ్గుతుంది, జీతం పెరగదు. బహుశా మిగతా రోజుల్లో ఆమె అదే మాటని మింగేస్తోందేమో. అప్పుడు ఆ వారంలో తగ్గింది ఓపికే, వివేకం కాదు.

దీనికి రెండో వైపూ ఉంది. 1980లో ఇంగ్లండ్‌లో క్రిస్టీన్ ఇంగ్లిష్ అనే ఆమె తన ప్రియుణ్ణి కారుతో గుద్ది చంపింది. డాల్టన్ సాక్ష్యం చెప్పింది. పీఎంఎస్ వల్ల ఆమె బాధ్యత తగ్గిందన్న వాదనని కోర్టు ఒప్పుకుని, హత్యానేరాన్ని తగ్గించింది. ఒక స్త్రీని కాపాడిన ఈ వాదనే, "ఆడవాళ్లకి పెద్ద బాధ్యతలు ఎలా ఇస్తాం?" అనేవాళ్ల చేతికీ చిక్కుతుంది.

అందుకే ఈ పేరుని ఎవరు, దేనికి వాడుతున్నారో చూడాలంటాను. "డేట్ దగ్గరుంది, ఇవాళ కాస్త ఓపిక పట్టు" అని ఆమె అంటే, అది సాయం అడగడం. ఆమె ఫిర్యాదుకి జవాబుగా అవతలివాళ్లు అదే మాటంటే, అది నోరు మూయించడం. మాట తీరు గాయపరిస్తే ఆమె సారీ చెప్పొచ్చు. కానీ ఆ సారీ మాట తీరుకే, మాటలో ఉన్న విషయానికి కాదు. ఆ విషయం మీద అనుమానముంటే వారం ఆగి, శాంతంగా ఉన్నప్పుడు అడిగి చూడొచ్చు. చిక్కేమిటంటే, ఇంట్లో గొడవ సద్దుమణిగాక ఎవరూ అడగరు.

2013లో వచ్చిన డీఎస్ఎం-5 పీఎండీడీని ఒక రుగ్మతగా గుర్తిస్తూనే ఒక షరతు పెట్టింది. నిర్ధారణకి కనీసం రెండు నెలసరుల పాటు రోజూ నమోదు చేసిన లక్షణాలు కావాలి. ఆ నమోదు చేసుకోవాల్సింది ఆమే. అంటే వైద్యం కూడా ముందు ఆమె మాటే వింటోంది. మనం మాత్రం ఒక్క వాక్యం విని క్యాలెండర్ చూస్తున్నాం.