ఆప్తవాక్యమును భూతదయయు

మనకు తెలిసినవని మనము తలచు విషయములలో స్వయముగా చూచి, పరీక్షించి తెలిసికొన్నవి మిక్కిలి స్వల్పములు. భూమి సూర్యుని చుట్టును తిరుగుచున్నదని గాని, మన ముత్తాతల పేరులు ఇవియని గాని, ఈ ఔషధము ఈ వ్యాధిని మాన్పునని గాని మనము నమ్ముట పరుల మాటను బట్టియే. కావున ఎవని మాట ప్రమాణము, ఎందువలన ప్రమాణము అను ప్రశ్న తార్కికుల కాలక్షేపము మాత్రము కాదు. లోకవ్యవహారమంతయు దానిపైననే నిలిచియున్నది. ఈ ప్రశ్న నేటి కాలమున మిక్కిలి తీవ్రముగా ఎదురగుచున్నది వాక్కును, భాషను, శ్రవణమును గూర్చి పరిశోధించి, తమ ఫలితములను విద్వత్పత్రికలకు సమర్పించు శాస్త్రజ్ఞులకని నా అభిప్రాయము. ఏలన, వారు ఎవరిని గూర్చి వ్రాయుచున్నారో ఆ జనులు తరచుగా తమను గూర్చి తాము చెప్పుకొనజాలనివారు, లేదా చెప్పినను లోకము ఓపికతో విననివారు: మాటలు ఇంకను రాని పసివారు, నత్తితో పెనగులాడువారు, వినికిడి లేనందున పరుల సంభాషణకు వెలిగా ఉంచబడినవారు, పక్షవాతముచే నిన్నటివరకు ఉన్న భాషను నేడు కోల్పోయిన వృద్ధులు. వారి మాట ఉండవలసిన చోట పరిశోధకుడు తన మాటను నిలుపుచున్నాడు. ఆ మాటకు విలువ ఎక్కడనుండి వచ్చును?

పత్రికకు వ్యాసమును సమర్పించుట అనగా ఏమో ముందుగా చూతము. ఎందరిని పరీక్షించెను, వారి వయస్సులెంత, వారి ఇండ్లలో మాటాడు భాషలేవి, వినికిడిలోపము ఎన్ని డెసిబెల్లులు అనునవి రచయిత దాచక వ్రాయవలెను. రికార్డు చేసిన మాటలను ఒకరే విని తీర్పు చెప్పిన చాలదు. మరియొకరు, మొదటివారి తీర్పు ఎరుగకయే, విని వ్రాయవలెను. ఇరువురికిని ఎంతవరకు ఏకీభావము కుదిరినదో ప్రకటింపవలెను. పరిశోధనకు ధనమిచ్చినవారెవరో, దానివలన తనకు కలుగు లాభమేమో, నీతిసంఘము అనుమతించినదో లేదో, పరీక్షకు లోనైనవారు తెలిసి సమ్మతించిరో లేదో తెలుపవలెను. అప్పుడు సంపాదకుడు దానిని ఆ శాస్త్రమున ఆరితేరిన ఇద్దరు ముగ్గురికి పంపును. వారెవరో రచయితకు సాధారణముగా తెలియదు. వారు లేవదీసిన ఆక్షేపణలకు ఒక్కొక్కదానికిని రచయిత సమాధానము వ్రాసినగాని, లేక తన లోపమును సవరించుకొన్నగాని, వ్యాసము అచ్చునకు నోచుకొనదు.

మన శాస్త్రపద్ధతి ఎరిగినవారికి ఇది క్రొత్తది కాదు. పూర్వపక్షమును, అనగా ఎదుటివాని ఆక్షేపణను, దాని పూర్ణబలముతో నిలిపి, పిదప సిద్ధాంతము చేయుట మన భాష్యకారుల రీతి. సత్యనిర్ణయమునకై జరుగు వాదమును, గెలుపునకై జరుగు జల్పమును, స్వపక్షమే లేక పరపక్షమును ఖండించుటకు మాత్రమే జరుగు వితండను నైయాయికులు వేరువేరుగా నిరూపించిరి. మంచి సమీక్షకునికిని చెడ్డ సమీక్షకునికిని గల భేదము ఆ విభాగముననే ఇమిడియున్నది. పాశ్చాత్యులలో లండనునందలి రాయల్ సొసైటీ, ఎవరి మాటను కేవలము మాటగా గైకొనరాదను భావమును తన ముద్రావాక్యముగా చేసికొనెను. ఆ సంఘపు కార్యదర్శియైన హెన్రీ ఓల్డెన్‌బర్గు 1665లో ప్రారంభించిన పత్రిక శాస్త్రపత్రికల కెల్ల పెద్దలలో ఒకటి. కాని ఇక్కడ ఒక చిక్కు కలదు. పత్రికను చదువువాడు ప్రతి ప్రయోగమును తాను మరల చేయలేడు. సమీక్షకుడు సైతము ఆ పిల్లవానిని చూడలేదు, ఆ కంఠస్వరమును వినలేదు. ఎంత పరీక్షించినను తుదకు నమ్మవలసినది వ్రాసినవాని మాటనే. కావున పరీక్షావిధానము ఆప్తుని అవసరమును తొలగింపలేదు. ఆప్తుడు కానివానిని కొంతవరకు వడపోయుచున్నది, అంతే.

ఆప్తుడనగా ఎవడు? మన గరికపాటి అన్నంభట్టు తన తర్కసంగ్రహమున యథార్థమును పలుకువాడే ఆప్తుడని తేల్చి చెప్పెను. బాలురకు తర్కమునందు ప్రవేశము కలిగించుటకు అంత చాలును. కాని అతనికి ఎన్నో శతాబ్దులకు పూర్వము న్యాయసూత్రములకు భాష్యము రచించిన వాత్స్యాయనుడు ఇంకను లోతునకు పోయెను. వేదమునకు ప్రామాణ్యము ఎట్లు సిద్ధించునని విచారించుచు సూత్రకారుడు చూపిన దృష్టాంతములలో ఒకటి ఆయుర్వేదము. రోగికి మేలు చేయుటవలన ప్రమాణమని లోకమున తేలిన విద్య అది. అచ్చట భాష్యకారుడు ఆప్తుని ప్రామాణ్యమునకు మూడు అంగములు చెప్పెను: విషయమును సాక్షాత్కరించుకొని యుండుట, ప్రాణులయెడ దయ, ఉన్నది ఉన్నట్లుగా తెలుపవలెనను కోరిక. ఋషికిని, ఆర్యునికిని, మ్లేచ్ఛునికిని ఆప్తలక్షణము సమానమేయని వేరొకచోట అతడే స్పష్టముగా వ్రాసెను. కులగోత్రములకు ఇందు తావు లేదు.

మొదటి అంగమును, మూడవ అంగమును ఎవరైనను ఒప్పుకొందురు. తెలియనివాని మాట ప్రమాణము కాదు. తెలిసియు దాచువాని మాటయు ప్రమాణము కాదు. నడుమనున్న దయ సంగతి ఏమి? దయ సద్గుణమే, కాని జ్ఞానమునకును దానికిని సంబంధమేమని పూర్వపక్షి అడుగును. నిర్దయుడైనవాడు ఉష్ణమాపకమును చూచి అంకెను సరిగా చెప్పలేడా? క్రూరుడు కట్టిన లెక్క తప్పగునా? సత్యము సత్యమే, దానిని కనుగొన్నవాని హృదయముతో దానికి నిమిత్తము లేదు. ఈ ఆక్షేపణ బలమైనదే. లోహములను, నక్షత్రములను గూర్చిన శాస్త్రములలో దీనికి సమాధానము చెప్పుట కష్టము కూడను. కాని మనుష్యుని వాక్కును గూర్చిన శాస్త్రమున దీని గతి ఏమగునో, జరిగిన కథ ఒకటి విశదము చేయుచున్నది.

అమెరికాదేశమున అయోవా విశ్వవిద్యాలయమునందు వెండెల్ జాన్సన్ అను ఆచార్యుడుండెను. తానే నత్తితో బాధపడి, ఆ బాధకు మూలమును వెదకుటకు జీవితమును ధారపోసినవాడు. వాక్చికిత్సను ఒక శాస్త్రముగా నిలిపినవారిలో అగ్రగణ్యుడు. పిల్లల మాటలో సహజముగా దొర్లు తడబాటునకు పెద్దలు నత్తియని పేరు పెట్టి, మాటిమాటికి సరిదిద్దుటవలననే నిజమైన నత్తి ఏర్పడుచున్నదని ఆయన ఊహ. దీనిని పరీక్షించుటకై 1939లో, ఆయన పర్యవేక్షణమున, మేరీ ట్యూడర్ అను విద్యార్థిని డేవెన్‌పోర్టు పట్టణమందలి అనాథాశ్రమమునుండి 22 మంది పిల్లలను ఎంచుకొనెను. వారిలో 10 మందికి నత్తి కలదు, 12 మందికి లేదు. ఏ దోషమును లేక మాటాడుచున్న పిల్లలలో ఆరుగురికి, మీ మాటలో నత్తి లక్షణములు పొడచూపుచున్నవనియు, తడబడుదుమని తోచినచో పలుకక ఊరకుండుట మేలనియు జనవరినుండి మేనెల వరకు మరల మరల బోధింపబడెను. ఇది ప్రయోగమని పిల్లలకు తెలియదు. వారిలో కొందరు మాటాడుటకు జంకి, ముడుచుకొనిపోయిరని ఆమెయే తన సిద్ధాంతగ్రంథమున వ్రాసెను. తరువాత ఆశ్రమమునకు మరల పోయి, తాను నాటిన భయమును తొలగింప యత్నించెను.

ఆ గ్రంథము విశ్వవిద్యాలయ గ్రంథాలయమున బీరువాలో ఉండిపోయెను. ఏ పత్రికకును ఎక్కలేదు. తరువాతికాలమున తన శాస్త్రమునకు ముఖ్యమైన పత్రికకే సంపాదకత్వము వహించిన జాన్సన్, ఈ ప్రయోగమును మాత్రము ఎన్నడును ప్రకటింపలేదు. 1988లో ఫ్రాంక్లిన్ సిల్వర్‌మన్ ఒక శాస్త్రపత్రికలో దీనిని గూర్చి వ్రాసెను; 2001లో సాన్ హోసే నగరపు దినపత్రిక బయలుపెట్టినపిదప లోకమెల్ల ఎరిగెను; విశ్వవిద్యాలయము ఆ సంవత్సరమే క్షమాపణ వేడెను. 2007లో అయోవా రాష్ట్రము, బ్రతికియున్నవారికిని గతించినవారి వారసులకును కలిపి 9,25,000 డాలర్లు చెల్లించుటకు ఒడంబడెను.

ఇప్పుడు వాత్స్యాయనుని మూడు అంగములను ఈ కథతో సరిచూతము. దయ లోపించెనని వేరుగా చెప్పనక్కరలేదు; అడుగువారు లేని పిల్లలగుటచేతనే వారు ఈ పరీక్షకు చిక్కిరి. దయ లోపించిన చోట, చెప్పవలెనను కోరికయు నశించెను. ఆ కాలముననే జర్మనీలో మనుష్యులపై జరిగిన ఘోరప్రయోగములతో దీనిని పోల్చుదురేమో యన్న శంకయే మౌనమునకు కారణమని కొందరందురు. కారణమేదైనను, సభలో వినిపించుటకు సిగ్గుపడవలసిన పద్ధతిచే సంపాదించిన జ్ఞానము సభకు రాలేదన్నది నిశ్చయము. ఇక మిగిలినది సాక్షాత్కారము. పూర్వపక్షి కడపటి ఆశ్రయము ఇదియే: పద్ధతి క్రూరమైనను తెలిసినది తెలిసినదే కదా యని. కాని 2002లో నికోలిన్ ఆంబ్రోస్, ఎహుద్ యాయిరీ అను విద్వాంసులు ఆ గ్రంథమునందలి దత్తాంశములను మొదటినుండి తిరిగి పరిశీలించి, పేరు పెట్టుటవలన నత్తి పుట్టునను ఊహకు అందు ఆధారము లేదని పత్రికాముఖముననే నిరూపించిరి. ఆ పిల్లలలో కలిగినది నత్తి కాదు, భయము.

ఇందు ఒక సూక్ష్మమున్నది. ఉష్ణమాపకము చూచువానిని చూచి బెదరదు, పిల్లవాడు బెదరును. మాట యనునది పలుకువాని నోట మాత్రమే లేదు. పలుకువానికిని వినువానికిని నడుమ పుట్టుచున్నది. వినువాడు నిర్దయుడైనచో ఆ మాట మారును, తగ్గును, ఆగిపోవును. అప్పుడు పరిశోధకుడు చూచునది తాను వెదకిన వస్తువు కాదు, తాను కలిగించిన సంకోచము. కాబట్టి వాక్శాస్త్రమున దయ జ్ఞానమునకు వెలుపలినుండి అతికించిన అలంకారము గాక, సాక్షాత్కారమునకే పరికరమైనది. ఒక్క అంగము తెగుటచే తక్కిన రెండును నిలువలేకపోయెను. దాని ఫలమును లోకము అనుభవించెను: ఆ ఊహను సూటిగా పరీక్షించిన ప్రయోగము బీరువాలో నుండగా, ఊహ మాత్రము దశాబ్దముల పాటు సిద్ధాంతమై చెలామణియయ్యెను, తమ నోటిమాటయే బిడ్డకు నత్తి తెచ్చినదను నిందను తలిదండ్రులు మోసిరి. ఆ నిందకు విరుద్ధముగా, 2010లో నత్తికిని కొన్ని జన్యువులందలి మార్పులకును గల సంబంధమును వైద్యపత్రిక యొకటి ప్రకటించెను. దాచబడిన ఫలితము అబద్ధమంత పని చేయగలదనుటకు ఇంతకు మించిన నిదర్శనము కావలయునా?

దయ ప్రామాణ్యమునకు అంగమను ఈ విషయమున వైదికులును బౌద్ధులును ఒక్క మాట మీద నుండుట గమనింపదగినది. న్యాయమతమునకు ప్రబలశత్రువైన దిఙ్నాగుడు బుద్ధుని ప్రమాణభూతునిగా స్తుతించుచు, జగత్తునకు హితము కోరువాడని విశేషించెను. ఆ స్తుతిశ్లోకమును వివరించిన ధర్మకీర్తి, అట్టి ప్రామాణ్యమునకు కరుణయే సాధనమని వాదించెను.  వేదమును ఒప్పినవాడును, ఒప్పనివాడును, ప్రత్యక్షమును గూర్చియు అనుమానమును గూర్చియు శతాబ్దుల తరబడి పోరాడినవారు, దయలేనివాని మాట పూర్ణప్రమాణము కాదనుటలో మాత్రము కలిసిరి.

ఇట్లు చూచినచో, వ్యాసముతో జతపరచవలసిన నీతిసంఘపు అనుమతిపత్రము కచేరీ ముద్రవంటిదని విసుగుకొను పరిశోధకుడు దాని తత్త్వమును ఎరుగడు. మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన నియమముల ప్రకారము, పిల్లలను పరీక్షించునప్పుడు తలిదండ్రుల అనుమతి చాలదు. ఏడేండ్లు దాటిన బాలుని ఇష్టమును కూడ, వానికి అర్థమగు రీతిని చెప్పి, అడుగవలెను. డేవెన్‌పోర్టు పిల్లలను ఎవరును అడుగని ప్రశ్న అది. అట్లే, అనుకొన్న ఫలితము రాని పరిశోధనను సైతము పత్రికకు పంపుట మూడవ అంగమును కాపాడుకొనుట. అట్టి వ్యాసమును ఆకర్షణ లేదని త్రోసిపుచ్చు సంపాదకుడు ఆ అంగమును ఖండించుచున్నాడు.

మరి అధర్మముచే లభించిన దత్తాంశమును ఏమి చేయవలెను? తగులబెట్టవలెనని కొందరు, ఉపయోగించుకొనవలెనని కొందరు అందురు. తగులబెట్టుట రెండవ మారు దాచుటయే; అది బాధపడినవారి సాక్ష్యమును కూడ తుడిచివేయును. జంకు లేక ఉపయోగించుకొనుట, ఆ బాధకు మనమును భాగస్వాములమగుట. ఆంబ్రోసు, యాయిరీలు చూపిన త్రోవయే సాధువని నాకు తోచుచున్నది: దత్తాంశమును, దానిని సంపాదించిన పద్ధతియందలి దోషమును, ఒకే వ్యాసమున, ఒకే సభ యెదుట విచారణకు పెట్టుట. అందు దోషి కీర్తిని కాపాడుటయు లేదు. దోషము పేరుతో సత్యమును చంపుటయు లేదు.

అయినను నియమములు దయను పుట్టింపజాలవు. సంతకము చేయించిన కాగితము సమ్మతికి గుర్తు మాత్రమే. ఆ సంతకము చేసిన తల్లికి విషయము బోధపడినదో లేదో సంపాదకుడు ఎరుగడు, సమీక్షకుడు ఎరుగడు, పరిశోధకుడొక్కడే ఎరుగును. పత్రిక పరీక్షింపగలది వాక్యమును, ఆప్తతను కాదు. ఆప్తత వ్యాసము వ్రాయుటకు చాల ముందే, మాట తడబడు పిల్లవాని యెదుట కూర్చుండి, వాడు తన వాక్యమును తానే ముగించువరకు ఓర్పుతో వినునప్పుడు నిర్ణయమగుచున్నది. అట్లు విననివాని వ్యాసమున అంకెలన్నియు సరిపోయినను, సమీక్షకులందరును మెచ్చినను, అందలి విషయము వానికి తెలిసినదని చెప్పుటకు వీలులేదు.