నిరిత్సు హైహన్: ఎదురెదురుగా నిలిచే రెండు ధర్మాలు

జపాను భాషలో నాలుగు చీనా అక్షరాలతో కూడిన పదబంధాన్ని యోజిజుకుగో అంటారు. వాటిలో ఒకటైన 'నిరిత్సు హైహన్', అంటే రెండు నియమాలు పరస్పరం విరోధించి నిలవడం, జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ వాడిన 'ఆంటినోమీ'కి సమానార్థకంగా స్థిరపడింది. 1781లో వెలువడిన 'శుద్ధ బుద్ధి విమర్శ'లో ఆయన ఇటువంటి విరోధాలను నాలుగింటిని చూపాడు. జగత్తుకు కాలంలో ఆది ఉందనీ లేదనీ, సమస్తం ప్రకృతి నియమాలకే లోబడి ఉందనీ స్వేచ్ఛకు కూడా చోటుందనీ సమాన బలంగల తర్కంతో నిరూపించవచ్చు. అయితే మనకు గోచరించే జగత్తు వేరు, వస్తువు స్వస్వరూపం వేరు అని విభజిస్తే, మొదటి వివాదంలో రెండు పక్షాలూ అసత్యాలవుతాయి, స్వేచ్ఛను గురించిన వివాదంలో రెండూ తమ తమ తావుల్లో సత్యాలు కావచ్చు.

క్యోటో తత్త్వవేత్త తనబే హజిమె (1885–1962) ఈ పరిష్కారంతో తృప్తి పడలేదు. హద్దులు గీసే బుద్ధి కూడా విమర్శకు లోబడవలసిందేననీ, ఆ విమర్శ తుదిదాకా సాగితే బుద్ధి తన వైరుధ్యాల్లోనే ఛిన్నాభిన్నమవుతుందనీ ఆయన వాదించి, దీనిని 'పరమ విమర్శ' అన్నాడు. ఈ వాదం కేవల తర్కంలో పుట్టినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో జపాను పరాజయం వైపు సాగుతున్న రోజుల్లో ప్రభుత్వపు తప్పును ఎత్తిచూపకపోవడం తత్త్వవేత్తగా ద్రోహమనీ, ఎత్తిచూపితే దేశంలోని చీలిక శత్రువుకు తెలిసిపోతుంది గనుక అదీ ద్రోహమేననీ ఆయన నలిగిపోయాడు. ఏ పక్షాన్నీ పట్టుకోలేని ఆ నిస్సహాయతలో 'జిరికి', అంటే స్వశక్తి, మీది నమ్మకాన్ని విడిచి పశ్చాత్తాపానికి తలవంచినప్పుడు 'తరికి', అంటే పరశక్తి, తనను తిరిగి నిలబెట్టిందని 1946లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు.

పరశక్తి అనే ఈ భావనను తనబే 13వ శతాబ్దపు బౌద్ధాచార్యుడు షిన్రన్ నుండి గ్రహించాడు. ఆ షిన్రన్ తన పరంపరలోని ఏడుగురు ఆచార్యుల్లో ప్రథముడిగా కొలిచినది, సంప్రదాయం సాతవాహన రాజుకు మిత్రుడిగా చెప్పే నాగార్జునుణ్ణి. ఉంది, లేదు, ఉండీ లేదు, ఉండటమూ లేకపోవడమూ కాదు అనే నాలుగు పక్షాలను, అంటే చతుష్కోటిని, తన ప్రతిజ్ఞ ఏదీ నిలపకుండానే ఖండించిన ఆచార్యుడాయన. తర్కం విరిగిన చోటే విముక్తికి దారి వెదికే పద్ధతి జపాను తత్త్వానికి కాంట్ కంటే ఎంతో ముందే పరిచితం.

అయినా తనబే చేరిన ఈ ముగింపులో ఒక లోటు కనబడుతుంది. 1934 నుండి ఆయన రూపొందించిన 'జాతి తర్కం', వ్యక్తికీ విశ్వమానవతకూ నడుమ రాజ్యానికి కీలక స్థానమిచ్చింది గనుక, మాట్లాడాలా మౌనం వహించాలా అనే సంకటం వెలుపలి నుండి మాత్రమే వచ్చి పడినది కాదు. దానిలో సగం ఆయన సిద్ధాంతమే నిర్మించినది. పైగా యావద్దేశమూ పశ్చాత్తపించాలని ఆయన పిలిచినప్పుడు యుద్ధానికి ఆజ్ఞాపించినవారూ, ఆ ఆజ్ఞకు బలైనవారూ ఒకే వరుసలోకి వస్తారు. వారి బాధ్యతల్లోని తారతమ్యాన్ని తూచడానికి, విరిగిపోయిందని ఆయన ప్రకటించిన ఆ బుద్ధే అవసరమవుతుంది.