మిల్లు ఆడుతోంది

తెలుగులో మిల్లు ఆడుతుంది. గానుగ కూడా ఆడుతుంది. చిన్నప్పుడు చేతికి డబ్బా ఇచ్చి "పిండి ఆడించుకురా" అంటే అది పని చెప్పడమే, ఆటకి పంపడం కాదు. కానీ అదే క్రియతో పిల్లలు ఆడతారు, ఊళ్ళో నాటకం ఆడతారు, సినిమా యాభై రోజులు ఆడుతుంది. పనికీ ఆటకీ నటనకీ కలిపి ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం. ఎన్నడూ పట్టించుకోని ఈ సంగతి, అమెరికాలో ఒక పాత సామిల్లు గురించి ఆలోచిస్తున్నప్పుడు అడ్డం పడింది.

ఆ సామిల్లు ఉత్తర కాలిఫోర్నియాలో, సెబాస్టొపోల్ అనే ఊరికి దగ్గర్లో, రెడ్‌వుడ్ చెట్ల మధ్య ఉంది. స్టర్జన్స్ మిల్ అంటారు. పూర్తిగా ఆవిరితో నడుస్తుంది. 1964లో వ్యాపారం ఆగిపోయింది. 1990లలో కొందరు వాలంటీర్లు పూనుకుని బాగుచేసి మళ్ళీ బాయిలర్ వెలిగించారు. ఇప్పుడు ఏడాదికి కొన్ని వారాంతాలు మాత్రం నడుపుతారు. జనం పిల్లల్ని వెంటేసుకుని వెళ్ళి చూసొస్తారు. బే ఏరియాలో ఆరు నెలల ప్రాజెక్టు మీద ఉన్నప్పుడు నేనూ వెళ్ళాను.

చూడటానికి సరళమైన యంత్రమే. కట్టెలు మండుతాయి, నీళ్ళు ఆవిరవుతాయి, ఆవిరి పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ చక్రాన్ని తిప్పుతుంది, చక్రం నుంచి బెల్టులు, బెల్టుల చివర రంపం. నాలుగేళ్ళ ఇంజినీరింగ్‌లో ర్యాంకిన్ సైకిల్ బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఆ బొమ్మలో శబ్దం ఉండదు. ఇక్కడ నేల అదురుతుంది. దుంగని పట్టాల మీద నడిచే ఒక బండికి కరిపించి కడతారు. ఆ బండి దుంగతో సహా రంపం మీదికి వెళ్ళి, ఒక పలక కోసుకుని, వెనక్కి వస్తుంది. దుంగని ఇంకొంచెం ముందుకి జరిపి మళ్ళీ కోత. అంతే పని, రోజంతా.

ఇలాంటి పాతకాలపు మిల్లుల్లో ముఖ్యమైన మనుషులు ఇద్దరు. రంపం దగ్గర నిలబడి ప్రతి కోతనీ నిర్ణయించే మేస్త్రీ ఒకరు, దుంగని ఎంత జరపాలో చూసే సహాయకుడు ఇంకొకరు. రంపం మోతలో అరిచినా వినపడదు కాబట్టి మేస్త్రీ వేళ్ళు చూపిస్తాడు. ఇన్ని వేళ్ళంటే ఇంత మందం. దుంగ చుట్టూ కళ్ళతో ఒకసారి తిరిగి, బుడిపెలు ఎక్కడున్నాయి, నార ఎటు వంగింది, లోపల పుచ్చు ఉందా, ఏ పక్కనుంచి మొదలుపెడితే మంచి దూలం దక్కుతుంది అన్నది కొన్ని క్షణాల్లో తేల్చుకుని వేళ్ళు ఎత్తాలి. తప్పు లెక్క వేస్తే వందల ఏళ్ళు పెరిగిన చెట్టు వంటచెరకు అవుతుంది. వేళ్ళతో మాట్లాడే ఈ పనిలోనే చాలామంది వేళ్ళు పోగొట్టుకున్నారు. సామిల్లు పనివాళ్ళ మీద అమెరికాలో ఉన్న పాత జోకులన్నీ వేళ్ళ లెక్క మీదే. జోకులని పేరే గానీ నాకైతే నవ్వు రాదు.

ఇప్పుడు నా ప్రశ్న. ఏడాదికి కొన్ని రోజులు, డబ్బు కోసం కాక ఇష్టం కోసం, చూసేవాళ్ళ ముందు దుంగ కొయ్యడం పనా, నటనా?

తేలిగ్గా వచ్చే జవాబు నటన అని. రాజమండ్రిలో కర్రల అడితి నడిపేవాడెవడైనా చూస్తే, "ఇంత హడావుడి చేసి నాలుగు పలకలా?" అని నవ్వుతాడు. అతని నవ్వులో న్యాయం ఉంది. కాకపోతే రంపానికి ఇది ప్రదర్శన అని తెలియదు. బాయిలర్‌కి తెలియదు. నాటకంలో కత్తి అట్టతో చేస్తారు, ఇక్కడి కత్తి నిజం. దుంగ నిజంగా తెగుతుంది, పలక నిజంగా వస్తుంది, పరాకుగా ఉంటే చెయ్యి కూడా నిజంగానే పోతుంది. ప్రేక్షకులున్నంత మాత్రాన ప్రతిదీ నటన అయిపోదు.

అదే పశ్చిమ తీరంలో, ఆరెగాన్ రాష్ట్రంలో మన్రో అనే ఊరి దగ్గర హల్-ఓక్స్ అని ఇంకో సామిల్లు ఉంది. 1930ల చివర్లో రాల్ఫ్ హల్ అనే ఆయన కట్టాడు. ఇది మ్యూజియం కాదు, వ్యాపారం. చుట్టుపక్కల మిల్లులన్నీ కరెంటుకి మారిపోయినా ఇది ఇరవయ్యో శతాబ్దం చివరిదాకా ఆవిరితోనే కోసింది. 1996లో అమెరికా ప్రభుత్వం దాన్ని చారిత్రక స్థలాల జాబితాలో చేర్చే నాటికి అక్కడ మామూలుగా షిఫ్టులు నడుస్తున్నాయి. పాతది మీద మోజుతో కాదు. కొత్త మిల్లులు సన్న దుంగల్ని వేగంగా కొయ్యడానికి కట్టినవి. 80 అడుగులు దాటిన దూలం కావాలంటే వాటివల్ల కాదు, హల్-ఓక్స్ వల్ల అవుతుంది. పైగా కోతలో వచ్చే పొట్టూ బెరడూ తుక్కూ తెచ్చి బాయిలర్‌లో వేస్తే ఇంధనం ఖర్చు లేదు. మన ఊళ్ళలో సామిల్లు నుంచి రంపపు పొట్టు బస్తాలు తెచ్చుకుని పొట్టు పొయ్యి వెలిగించేవాళ్ళే, ఆ లెక్కే. పని చేస్తోంది కాబట్టి మార్చలేదు. మా పరిశ్రమలో కూడా బ్యాంకుల వెనక అరవై ఏళ్ళ నాటి కోబాల్ భాషలో ప్రోగ్రాములు ఇంకా నడుస్తున్నాయంటే వాటి మీద ప్రేమతో కాదు. ఆపితే లావాదేవీలు ఆగుతాయి.

అంటే పాత యంత్రం బతకడానికి రెండు దారులు. హల్-ఓక్స్‌లాగా అవసరం ఉండి బతకడం. లేదా స్టర్జన్స్ మిల్‌లాగా ఎవరికీ అక్కర్లేకుండా బతకడం. ఈ రెండో దారి గురించి చైనా తాత్త్వికుడు జువాంగ్‌జి రెండు వేల ఏళ్ళ కిందటే కథ చెప్పాడు. దారిలో గుడి దగ్గర బ్రహ్మాండమైన చెట్టు కనిపిస్తే ఒక వడ్రంగి కన్నెత్తి చూడకుండా వెళ్ళిపోతాడు. శిష్యుడు అడిగితే, అది ఎందుకూ పనికిరాని కర్ర, పడవ చేస్తే మునుగుతుంది, స్తంభం చేస్తే పురుగు పడుతుంది, అందుకే ఇంతకాలం బతికింది అంటాడు. ఆ రాత్రి చెట్టు అతని కలలోకి వచ్చి, పనికిరాకుండా ఉండటమే నాకు పనికొచ్చింది అన్నట్టు చెప్తుంది. మూతపడ్డాక తుక్కు కింద అమ్ముడుపోకుండా, స్థలం కోసం కూలగొట్టకుండా స్టర్జన్స్ మిల్ మిగలడం కూడా ఇలాంటిదే. చెట్లు కోసే మిల్లుకి చెట్టు కథ సరిగ్గా అతకడం కొంచెం విచిత్రం.

ఇక్కడే చిక్కు వస్తుంది. యంత్రం పనికిరాకుండా బతకగలదు. పనితనం బతకలేదు. అదే జువాంగ్‌జి పుస్తకంలో ఇంకో కథ ఉంది. ఒక రాజు పుస్తకం చదువుకుంటుంటే, కింద చక్రాలు చెక్కే ముసలివాడు ఉలి పక్కన పెట్టి పైకొచ్చి, మీరు చదివేది చనిపోయినవాళ్ళు వదిలేసిన పిప్పి అంటాడు. రాజుకి కోపం వస్తుంది. ముసలివాడు తన పని సాక్ష్యం చూపిస్తాడు. ఉలి దెబ్బ మరీ నెమ్మదైతే పట్టు దొరకదు, మరీ వేగమైతే చెక్కలో దిగదు, ఆ మధ్యది చేతికి తెలుసు గానీ నోటితో చెప్పలేను, కొడుక్కి కూడా నేర్పలేకపోయాను అంటాడు. సామిల్లు మేస్త్రీ దుంగని చూసే చూపు ఇలాంటిదే. మాన్యువల్ రాసి పెడితే నిలవదు. రోజూ కోస్తేనే ఉంటుంది. ఏడాదికి కొన్ని వారాంతాలు కోసేవాళ్ళకి అందులో ఎంత దక్కుతుంది? కొంతే దక్కుతుంది. కానీ కొంతకీ సున్నాకీ మధ్య దూరం, కొంతకీ పూర్తికీ మధ్య ఉన్న దూరం కంటే చాలా ఎక్కువ. కెనడాలో, పోర్ట్ అల్బెర్ని దగ్గర మెక్‌లీన్ మిల్ అని ఒకటుంది. ఒక తండ్రీ కొడుకులూ 1926 నుంచి 1965 దాకా నడిపిన ఆవిరి మిల్లు, తర్వాత జాతీయ చారిత్రక స్థలం అయింది. అలాంటివాటిని నిశ్శబ్దంగా అద్దాల వెనక పెట్టకుండా మళ్ళీ ఆడించాలని తాపత్రయపడేవాళ్ళని నేను అందుకే వెర్రివాళ్ళనుకోను.

అయినా మనసులో ఒక ముల్లు ఉంది. ఆ పొగనీ కూతనీ చూసి మురిసిపోవడానికి ఎవరు మూల్యం చెల్లించారు? ఒక చిన్న లెక్క. పాతకాలపు పెద్ద గుండ్రని రంపం ఒక్కో కోతకి సుమారు పావు అంగుళం కర్రని పొట్టు చేస్తుంది. అంగుళం మందం పలకలు కోస్తే ప్రతి ఒకటింపావు అంగుళానికి పావు అంగుళం పొట్టు. అంటే చెట్టులో అయిదో వంతు పలక అవ్వకుండానే పోయింది. ఆ చెట్లు ఎలాంటివి? తీరపు రెడ్‌వుడ్‌లలో కొన్ని రెండు వేల ఏళ్ళు దాటినవి. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో గోల్డ్ రష్ తర్వాత కోత మొదలైంది. 1906 భూకంపంలో తగలబడిన శాన్ ఫ్రాన్సిస్కోని మళ్ళీ కట్టుకోవడానికీ ఈ అడవులే కర్ర ఇచ్చాయి. అప్పట్లో ఇరవై లక్షల ఎకరాలున్న పాత అడవిలో ఇవాళ మిగిలింది అయిదు శాతం. ఆ మిగతా తొంభై అయిదు శాతం ఇలాంటి మిల్లుల గుండానే వెళ్ళింది.

మనుషుల సంగతీ అంతే. ఆ రోజుల్లో అక్కడ నిలబడినవాడు ఇష్టపడి నిలబడ్డాడో లేదో ఎవరూ అడగలేదు. వారాంతం వాలంటీరుకి చెయ్యి నొప్పెడితే ఇంటికి వెళ్ళిపోవచ్చు. అప్పటివాడికి ఆ వీలు లేదు. ఒకరు బతుకుతెరువు కోసం చేసిన పనిని ఇంకొకరు సరదాకి చెయ్యడం గౌరవమా, వెక్కిరింతా? హైదరాబాద్‌లో ఎద్దు గానుగ నూనె దుకాణం ముందు నిలబడినప్పుడల్లా నాకు ఇదే తడుతుంది. మామూలు నూనెకి రెండింతలు, మూడింతలు ధర. సీసా మీద ఎద్దు బొమ్మ. మన తాతలు గానుగ మానేసి మిల్లు నూనె కొనుక్కున్నది బుద్ధిలేక కాదు, చవక కాబట్టి, గానుగ తోలే బతుకు కష్టం కాబట్టి. ఆ కష్టాన్ని వదిలించుకోగలిగినవాళ్ళ మనవలే ఇవాళ దాన్ని సీసాలో కొనుక్కోగలుగుతున్నారు. నేను కూడా కొంటాను. రుచి బావుంటుంది మరి.

నా తీర్పు చెప్పమంటే ఇది. సరదాకి చెయ్యడం తప్పు కాదు, కష్టాన్ని కత్తిరించేసి సరదా ఒక్కటే చూపించడం తప్పు. స్టర్జన్స్ మిల్‌లో నన్ను నిలబెట్టింది పొగ కాదు. ఒక వాలంటీరు పెద్దాయన పదిహేడేళ్ళ కుర్రాడికి వేళ్ళ సైగలు నేర్పుతూ, ముందు చెయ్యి ఎక్కడ పెట్టకూడదో చూపించాడు. సైగలు ఆ తర్వాత. కుర్రాడు రెండుసార్లు తప్పు వేళ్ళు ఎత్తాడు. పెద్దాయన నవ్వలేదు, బండి ఆపించాడు. అది నటన అయితే ఆపాల్సిన అవసరం లేదు.

ఇదంతా నాకెందుకు ఇంతగా పట్టిందో దాచడం ఎందుకు. గత రెండేళ్ళుగా మా ఆఫీసులో కోడ్ చాలావరకు మేం రాయడం లేదు, యంత్రం రాస్తే మేం చదివి సరే అంటున్నాం. కొత్తగా చేరిన పిల్లలకి తప్పు ఎక్కడుందో వెతకడం అలవాటు కాకముందే జవాబు వచ్చేస్తోంది. ఒక ప్రోగ్రామ్ ఎందుకు మొరాయిస్తోందో వాసన పట్టడం పుస్తకంతో రాదు, రాత్రిళ్ళు దాని ముందు కూర్చుంటే వస్తుంది. ఆ రాత్రిళ్ళు నాకేమీ ఇష్టం లేదు. వాటి వల్ల నడుం నొప్పి వచ్చింది, పెళ్ళిచూపులు ఒకటి తప్పిపోయింది (దానికి మా అమ్మ ఇప్పటికీ నా కంపెనీని తిడుతుంది). అవి పోతే మంచిదే. వాటితో పాటు ఆ వాసన కూడా పోతుంది. ఇంకో ముప్పై ఏళ్ళకి ఎవరైనా వారాంతాల్లో ఒక హాల్లో కూర్చుని చేత్తో కోడ్ రాసి చూపిస్తారేమో, పిల్లలు టికెట్టు కొనుక్కుని వచ్చి చూస్తారేమో. నవ్వుకోవడానికి బావుంది గానీ, ఆ హాల్లో నేర్పేవాడిగా కూర్చోవాలని ఉందా అంటే ఉంది. రోజూ అదే పని చేసి బతకాలని ఉందా అంటే, లేదు.

జువాంగ్‌జి కథలో చక్రాల ముసలివాడికి డెబ్బై ఏళ్ళు. కొడుక్కి నేర్పలేకపోయాను కాబట్టి ఈ వయసులో కూడా నేనే చెక్కుతున్నాను అంటాడు. ఆ కథని పండితులందరూ జ్ఞానం గురించి చదువుతారు. ఆ కొడుక్కి చక్రాలు చెక్కాలని ఉందో లేదో రాజు అడగలేదు, ముసలివాడు చెప్పలేదు. అతను అప్పుడు ఎక్కడున్నాడో, ఏ పని చేసుకుంటున్నాడో కథలో లేదు.