అప్పణ అడిగే ముందు

అల్లుడూ,

టిప్పరు కొనడానికి గుళ్లో అప్పణ అడిగావనీ, ఎడమ పువ్వు రాలిందనీ, వచ్చే సోమవారం మళ్లీ అడుగుతానంటున్నావనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దేవుణ్ణి తలచుకోకుండా పెద్ద పనికి చెయ్యి పెట్టని గుణం నీది. ఆ గుణమంటే నాకు ప్రాణం. అందుకే ఈ నాలుగు మాటలు.

అప్పణ మన బళ్లారి సీమకు కొత్త కాదు. పూజారి పూలు నీళ్లలో తడిపి స్వామి రెండు భుజాలకూ అంటిస్తాడు. తడి ఆరేకొద్దీ పువ్వు కదులుతుంది. కుడిది రాలితే సరేనన్నట్టు, ఎడమది రాలితే వద్దన్నట్టు. ఆ కాసేపు చేతులు కట్టుకుని నిలబడినవాడికి ఒక సంగతి బాగా తెలిసొస్తుంది: ఏ పువ్వు రాలాలని తన ప్రాణం కొట్టుకుంటోందో. నీకూ తెలిసే ఉంటుంది. టిప్పరు మీద అంత మనసు పడ్డావు కాబట్టే ఎడమ పువ్వు నీకు రుచించలేదు. కుడిది రాలేదాకా అడుగుతూ పోతే అది దేవుడి మాట వినడం కాదు నాయనా, నీ మాటే ఆయన చేత అనిపించుకోవడం. వద్దన్నా తలవంచుతానని మనసు ఒప్పుకున్నాకే అడగాలి.

మంత్రాలయానికి ఏటా వెళ్తావు కదా, ఆ స్వామి జీవితం చూడు. వేంకటనాథుడిగా ఉన్న రోజుల్లో, పీఠం స్వీకరించమని గురువు సుధీంద్రతీర్థులు అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఇంట్లో భార్య, చిన్న కొడుకు ఉన్నారు. తరువాత కలలో సరస్వతీదేవి కనబడి కర్తవ్యం చెప్పిందని ఆయన చరిత్రలో ఉంది. దేవి చెప్పింది కదా అని తెల్లారేసరికి ఇల్లు వదిలి వెళ్లిపోలేదు. ముందు కొడుకుకు ఉపనయనం చేశాడు. 1621లో తంజావూరులో సన్యాసం తీసుకున్నాడు. ఆ ఎడబాటు తట్టుకోలేక ఆ ఇల్లాలు ప్రాణం విడిచిందని కూడా పెద్దలు చెబుతారు. 1671లో తుంగభద్ర ఒడ్డున బృందావనంలో ప్రవేశించేదాకా యాభై ఏళ్లు ఆయన ఎత్తుకున్న బాధ్యతను దించలేదు. దేవుడు చూపిన దారి అని తెలిశాక కూడా ఇంటివాళ్ల పట్ల చేయవలసింది చేసే కదలాలి. ఆ దారిలో కష్టం ఉండదన్న హామీ ఎవరికీ లేదు.

హామీ సంగతి మన జిల్లావాళ్లకు వేరే చెప్పాలా! చైనా వాళ్లు మన ఖనిజాన్ని ఎంత ధరకైనా కొన్న రోజుల్లో సండూరు, హొసపేట దారుల్లో రాత్రీ పగలూ లారీలే. అప్పు చేసి బండి కొననివాడు చేతకానివాడన్నట్టు చూశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టకుండా, టెంకాయ కొట్టకుండా బయలుదేరిన బండి ఒక్కటైనా ఉందా? 2011 జూలై 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో గనుల తవ్వకం ఆపేయమంది. బండ్లు ఆగాయి, కంతులు ఆగలేదు. ఆ బండ్లవాళ్ల భక్తిలో లోపం ఉందని నేననను. పూజ చేశాం కదా అని లెక్క చూడడం మానేసినవాళ్లు వాళ్లలో చాలామంది.

నువ్వు తోలాలనుకుంటున్నది ఖనిజం కాదు, బూడిద. మన కుడతిని థర్మల్ కేంద్రంలో 500, 500, 700 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. వానలు బాగా పడి జలవిద్యుత్తు దండిగా దొరికిన సంవత్సరం థర్మల్ యూనిట్లను నిలిపేస్తుంటారు. యూనిట్ ఆగితే బూడిద లేదు, బూడిద లేకపోతే నీ బండి ఇంటి ముందే. అలాంటి నెలల్లో కంతు ఎక్కణ్ణుంచి కడతావు? బాడుగ ఇస్తానన్నవాడు నోటిమాటే చెప్పాడా, కాగితం రాసిచ్చాడా? టైర్లు, డీజిలు, డ్రైవరు జీతం, ఇన్సూరెన్సు పోను చేతికి ఎంత మిగులుతుంది? ఇప్పటికే ఆ పనిలో ఉన్న ఇద్దరు ముగ్గుర్ని టీ అంగడి దగ్గర కూర్చోబెట్టి అడుగు. వాళ్లు చెప్పే సమాధానాల్లోనూ దేవుడు పలుకుతాడు. బుద్ధి ఇచ్చిందీ ఆయనే కదా.

ఇంకో సంగతి. నీ చేతిలో ఉన్నది భూమి పోగా వచ్చిన డబ్బు. 2010 ప్రాంతంలో ఉక్కు ఫ్యాక్టరీల కోసమని మన చుట్టుపక్కల వేల ఎకరాలు తీసుకున్నారు. చెప్పిన ఫ్యాక్టరీలు రాలేదు. 2022 డిసెంబరులో రైతులు కుడతినిలో ధర్నాకు కూర్చోవలసి వచ్చింది. ఆ పొలం మళ్లీ మన చేతికి రాదు. ఆ డబ్బు నీ ఒక్కడిదీ కాదు. మీ అమ్మ మందులు, చెల్లెలి చదువు అందులోనే ఉన్నాయి.

కాబట్టి సోమవారం గుడికి తప్పకుండా వెళ్లు. పూలు మాత్రం పెట్టించొద్దు. "స్వామీ, ఆశ నా కళ్లు కప్పకుండా చూడు, నన్ను నమ్ముకున్నవాళ్లకు అన్యాయం చేయనివ్వకు" అని మొక్కుకో. ఆ మొక్కు మనసారా మొక్కినవాడికి సగం దారి అక్కడే తెలుస్తుంది. మిగతా సగం విచారిస్తే తెలుస్తుంది. అన్నీ చూసుకున్నాక కొనాలనే తేలితే ధైర్యంగా కొను. వద్దని తేలితే చిన్నబోవద్దు. ఏది తేల్చుకున్నా ఆపైన రోజూ తవ్వుకుంటూ కూర్చోకు. చేయగలిగింది చేసి మిగిలింది ఆయనకు వదిలిపెట్టడమే నమ్మకం.

గురువారం ప్యాసింజరుకు నేనొస్తున్నాను. బ్యాంకువాళ్లు ఇచ్చిన కాగితాలు, బాడుగ లెక్కలు తీసి పెట్టు. మీ అమ్మనూ చెల్లెల్నీ కూర్చోబెట్టుకుని అందరం కలిసి చూద్దాం. అంతదాకా ఎక్కడా సంతకం పెట్టకు.

నీ మేలు కోరే
మామ