ప్రతినిధి ధర్మము

సంఘ మహాసభకు ప్రతినిధిగా పోవువాడు తన్ను బంపినవారి మాటకు లోబడవలెనా, తన యంతరాత్మకు లోబడవలెనా? ఈ ప్రశ్న ప్రాతదే గాని, యెన్నిక జరిగి మెడలో దండ పడిన పిమ్మట దీనిని దలంచువారు తక్కువ.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున దూతలను మూడు తెగలుగా జెప్పెను. కార్యమంతయు స్వబుద్ధిచే నడుప నధికారము గలవాడు నిసృష్టార్థుడు. నియమితమైన పనికి మాత్రమే కర్తయైనవాడు పరిమితార్థుడు. ఇచ్చిన లేఖను అందించువాడు శాసనహరుడు. మన ప్రతినిధి యీ మువ్వురిలో నెవడు?

శాసనహరుడే యందుమా, సభ యెందులకు? ఊరూర నభిప్రాయములు వ్రాయించి తపాలలో బంపిన జాలును. రైలు కర్చులైనను మిగులును. నిసృష్టార్థుడే యందుమా, పంపినవారెందులకు? ఎడ్మండు బర్కు 1774లో బ్రిస్టలు పట్టణపు వోటర్లతో, తాను వారికి బాకీపడినది తన వివేకమే కాని విధేయత కాదని వాదించెను. వాదము గొప్పదే. కాని 1780లో ఆ పట్టణమువారి యాదరము సన్నగిల్లుటచే నతడు పోటీనుండి విరమింపవలసి వచ్చెను. వివేకము గలవానికిని లెక్క యప్పగింపవలసిన దినము వచ్చును.

మా యనుభవమొకటి చెప్పెదము. కొన్నియేండ్ల క్రిందట మా యూరి సంఘమువారు మమ్ము ప్రతినిధిగా బంపిరి. కానుకలనుండి సామాన్యనిధికి జెల్లింపవలసిన భాగమును హెచ్చించు తీర్మానమొకటి సభ ముందుండెను. మా యూర ఆ యేడు పంట చెడినది. “ఒప్పుకొనవద్దు” అని పెద్దలు మరిమరి చెప్పిరి. సభలో కొండప్రాంతపు ఉపాధ్యాయుడొకడు లేచి, గురువు లేని పల్లెలను గూర్చియు, కప్పు కూలిన బడిని గూర్చియు చెప్పెను. మేము తీర్మానమునకు అనుకూలముగా చేయెత్తితిమి. అందులకు నేటికిని పశ్చాత్తాపము లేదు.

ఊరు చేరిన పిదప ముదుసలి యొకడు మమ్మడిగెను: “అయ్యవారూ, మా పంట పోయిన మాట ఆ పెద్దలకు చెప్పినారా?” మాకు నోట మాట రాలేదు. మేము చెప్పలేదు. చెప్పినచో మా చేయి యెత్తుటకు సిగ్గగునేమో యని మానితిమి. మా తప్పు చేయెత్తుటలో లేదు, నోరు మూసికొనుటలో నున్నది. కొండపల్లె దుఃఖము విన్న సభ మా పల్లె దుఃఖము వినక తీర్పు చెప్పినది; వినకుండ జేసినవారము మేమే.

ఇట్లు చెప్పవలసినది చెప్పుటయేగాక, చెప్పియు నొప్పింపలేనివారికై వేచియుండుటయు సభాధర్మమే. దీనికి నిదర్శనము మన దేశముననే గలదు. 1919లో తరంగంబాడిలో దోర్నకల్ బిషప్పు అజరయ్య మున్నగువారు సంఘైక్యమును గూర్చి యాలోచన సాగించిరి. బిషప్పుల యధికారము, గురువుల యభిషేకము అను విషయములపై చర్చలు ఇరువదెనిమిది యేండ్లు నడచినవి. అజరయ్య 1945 జనవరి 1న గతించెను, ఫలము చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము వెలసెను. కాని నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కురు అందు జేరక వెలుపల నిలిచిరి. వారు చేరినది 1975లో. అనగా మరి యిరువదెనిమిది యేండ్లకు! సభలో చేతులు లెక్కించుటకు నిమిషములు చాలును. మనస్సులు కలియుటకు ఒక తరము కావలసి వచ్చెను. త్రోవ మూయబడి యుండినచో వారు వచ్చియుండెడివారా? ఆ సంఘమున బిషప్పైన మొదటి స్త్రీ పుష్పలలితగారు 2013లో అభిషేకము పొందినది ఆ నంద్యాలకే. వెనుకబడినారని యెవరిని నిర్ణయింపగలము?

కావున మా మతమిది. ప్రతినిధి చేయి స్వతంత్రము, నాలుక ఋణపడినది. పంపినవారి మాటను, అది తనకు రుచింపకున్నను, వారే వచ్చి చెప్పినంత నిండుగా సభకు వినిపింపవలెను. అటుపిమ్మట నితరుల మాట చెవియొగ్గి విని, యంతరాత్మ చెప్పినట్లు చేయెత్తవలెను. మరలి వచ్చి, యెందుల కట్లు చేసెనో, అరుగుపై గూర్చుండి, యడిగినవారికెల్ల జెప్పవలెను. ఈ మూడింటిలో కడపటిదే కష్టము. మహాసభ ముగియునది వందనసమర్పణముతో గాదు. ఆ ముదుసలి ప్రశ్నకు ప్రత్యుత్తరము దొరకిననాడు.