‘మనలో కులం లేదు’ అనే ముందు...



మానవులంతా ఒకే స్త్రీపురుషుల సంతానమనీ, జాతులూ తెగలూ పరస్పర పరిచయం కోసమేననీ, అల్లాహ్ దగ్గర గౌరవం దైవభీతిని బట్టేననీ దివ్యఖుర్ఆన్ బోధిస్తోంది (49:13). అంతకు ముందే ఒకరినొకరు ఎగతాళి చేసుకోవద్దనీ, చెడ్డ పేర్లతో పిలుచుకోవద్దనీ హెచ్చరించింది (49:11).

ఈ బోధన మనకు కంఠస్థమే. అయినా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లోని మన ఇళ్లలో సంబంధాలు చూసేటప్పుడు నమాజు, నడవడికల కన్నా ముందు ఖాందాన్ ఏమిటి, పిల్ల రంగేమిటి అన్న ప్రశ్నలే వస్తుంటాయి. తరతరాలుగా పత్తి ఏకి పరుపులు కుట్టిన దూదేకుల సోదరులనూ, ఫకీరు, హజ్జామ్ సోదరులనూ వృత్తి పేరుతో చులకన చేసేవారున్నారు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బి.సి.-ఇ కింద 14 ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. దూదేకులవారు అంతకు ముందే బి.సి.-బి జాబితాలో ఉన్నారు. చట్టం కంటికి కనిపించిన వెనుకబాటు మన కంటికి కనిపించకపోతే ఎలా?

బాధపడిన సోదరుడు నోరు విప్పగానే, “ఇస్లాంలో కులం లేదు, ఫిత్నా లేపకు” అంటాం. ధర్మంలో కులం లేదన్నది నిజమే. అతను చెబుతున్నది మన నడతలో ఉన్నదాని గురించి. ధర్మం మాటతో అతని నోరు మూయించడం అన్యాయం.

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ అబూజర్ (రజి) ఒక వ్యక్తిని, అరబ్బేతరురాలైన అతని తల్లిని ప్రస్తావించి కించపరిచారు. ఆ వ్యక్తి దైవప్రవక్త (స)కు ఫిర్యాదు చేశాడు. ఆయన ఫిర్యాదీని గద్దించలేదు. ముందు అబూజర్‌నే అడిగి నిజం తెలుసుకున్నారు. తర్వాత, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం ఉందని సూటిగా చెప్పారు. ఈ వయసులో కూడానా అని అబూజర్ అడిగితే, అవునన్నారు. అయినా ఆయన్ను దూరం చేయలేదు. సేవకులు మీ సోదరులే, మీరు తినేదే తినిపించండి, తొడిగేదే తొడిగించండి అని దారి చూపారు. తర్వాతి కాలంలో అబూజర్ (రజి)ను కలిసినవారు ఆయన ఒంటిమీదా, సేవకుని ఒంటిమీదా ఒకే రకం వస్త్రాన్ని చూశారు.

సోదర సోదరీమణులారా! బాధ చెప్పుకునేవారిని “నువ్వు అపార్థం చేసుకున్నావు” అనకండి. “ఏం జరిగింది?” అని అడిగి, చివరిదాకా వినండి. ఇంట్లో పెద్దలు అలాంటి మాటంటే నలుగురిలో నిలదీయకండి. ఏకాంతంలో, ఆ మాట ఎందుకు తప్పో చెప్పండి. ఫిరౌను దగ్గరికి పంపేటప్పుడు సైతం మూసా, హారూన్ (అలైహిముస్సలాం)లకు మృదువుగా మాట్లాడమని ఆజ్ఞ అయింది (20:44). కన్నవారితో మరెంత మెత్తగా మాట్లాడాలి! అయితే మెత్తగా చెప్పాలనే వంకతో అసలు చెప్పకుండా ఉండకూడదు.

గల్ఫ్‌లో కష్టం చేసి వచ్చిన జగిత్యాల, నిర్మల్ సోదరుల్లో చాలామందికి దేశాన్నీ రంగునూ బట్టి తక్కువగా చూస్తే ఎలా ఉంటుందో తెలుసు. వారు తమ ఇళ్లలో ఆ అనుభవం చెబితే పిల్లలకు విషయం త్వరగా అర్థమవుతుంది.

ఇకపై మన గడపకు సంబంధం వస్తే, ఖాందాన్ కన్నా ముందు దీన్ గురించి అడుగుదాం. మన హృదయాల్లో మిగిలిన అజ్ఞానకాలపు గర్వాన్ని అల్లాహ్ తొలగించుగాక! ఆమీన్.