బిడ్డల గది నెవరు సర్దవలెను?

ఉదయమున బిడ్డ లేచి పోయిన పిమ్మట పడకగదిని చూడుడు. దుప్పటి నేలపై నుండును. విడిచిన బట్ట లొకమూలను, పుస్తకము లొకమూలను, బొమ్మలు త్రోవ కడ్డముగను పడియుండును. ఇందు వింత లేదు, బాల్యస్వభావ మట్టిదే. మనము విచారింపవలసిన దొక్కటియే: చెదరిన యా వస్తువులను తీయుచున్న చేతు లెవరివి?

పెక్కిండ్లలో నవి తల్లివో, అక్కవో, పనికత్తెవో యగును. బిడ్డడు తిరిగి వచ్చుసరికి గది చక్కగ నుండును. ఇట్లు పదియేండ్లు గడచినచో, చెదరవేయుటకు తానును, ఏరుటకు నితరులును పుట్టితిమను పాఠమును వాడు నేర్చుకొనును. స్త్రీపురుషుల సమత్వమును గూర్చి సభలలో నుపన్యసించు తండ్రి, కుమారుడు విడిచిన బట్టలను కుమార్తెచే తీయించినచో, కుమారు డుపన్యాసమును మఱచును గాని బట్టల సంగతి మఱవడు.

అంతకంటె శోచనీయమైన దింకొకటి కలదు. కొన్ని యిండ్లలో బిడ్డ బొమ్మలను దాని యీడుదే యైన బీదబాలిక యేరుచుండెడిది. పదునాలుగేండ్లలోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకొనుట 2006 అక్టోబరు 10 నుండి మన దేశమున నిషేధింపబడినది. 2016లో జరిగిన సవరణ, కొన్ని మినహాయింపులతో, ఆ నిషేధమును సమస్తవృత్తులకును వ్యాపింపజేసినది. శాసనము శిక్షింపగలదు, కాని యట్టి దృశ్యమును చూచి సిగ్గుపడు మనస్సు నీయజాలదు. అది యింటిలోనే పుట్టవలెను.

“అట్లైన మన బిడ్డలచే పని చేయించుట మాత్రము తగునా?” యని కొంద రడుగుదురు. పరుల భారమును బిడ్డపై మోపుట వేఱు. తన వస్తువును తాను యథాస్థానమున నుంచుట వేఱు. మొదటిది దాస్యము, రెండవది స్వాతంత్ర్యమునకు తొలిమెట్టు. “చదువునకు కాలము చాలదు” అందురు మఱికొందరు. తన పుస్తక మెక్కడ నున్నదో యెఱుగక ప్రతిదినమును వెదకికొనువానికి చాలని దాకాలమే గదా!

ఇక బెత్తముతో నేర్పిన క్రమము బెత్తమున్నంతవఱకే నిలుచును. 1907 జనవరి 6వ తేదీన రోము నగరమందలి సాన్ లొరెంజో పేటలో మరియా మాంటిస్సోరీ బీదల బిడ్డలకై శిశుగృహమును తెఱచిరి. అచ్చట మొదట ఉపాధ్యాయినియే పరికరములను పంచి, మరల తానే సర్దుచుండెను. ఆమె సర్దునప్పుడెల్ల పిల్లలు లేచి చుట్టును మూగుచుండిరి. కూర్చుండుమని పంపినను తిరిగి వచ్చుచుండిరి. వస్తువులను తామే యథాస్థానమున నుంచవలెనని వారి కోరిక యని మాంటిస్సోరీ గ్రహించి, వారికా స్వేచ్ఛ నొసంగిరి. 1939లో మదరాసు అడయారునకు వచ్చి ఆమె మన దేశపు టుపాధ్యాయులకును తన పద్ధతిని నేర్పిరి. క్రమముపై ప్రీతి బిడ్డయందు లేకపోలేదు. మనమే తొందరపడి దాని చేతిలోని పనిని లాగుకొనుచున్నాము.

కావున చేయవలసినది స్వల్పము. వేఱుగది లేనియింట నొక గూడైనను, ఒక పెట్టెయైనను బిడ్డదిగా నుండవలెను. అది వాని చేతి కందవలెను. ప్రతి వస్తువునకు నొక చోటు నిర్ణయింపవలెను. వస్తువులు మితముగ నుండవలెను. వందబొమ్మలను కొనియిచ్చి సర్దలేదని కోపించుట న్యాయము గాదు. “గది యంతయు సర్దుము” అన్నచో నైదేండ్ల బిడ్డకు దిక్కు తోచదు. “ముందు పుస్తకములను గూటిలో పెట్టుము” అన్నచో తోచును. సగము కట్టిన బొమ్మరింటిని మాత్రము క్రమము పేర కూల్చరాదు. అది వాని పని, చెత్త గాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది పెద్దల నడవడి. 1910లో జొహానెస్‌బర్గు సమీపమున నేర్పడిన టాల్‌స్టాయి క్షేత్రమున గాంధీగారు నౌకరులను పెట్టుకొనలేదు; ఉపాధ్యాయులు చేయని పనిని పిల్లలచే చేయింపరాదని నియమముంచిరి. ఆ నియమము ప్రతి గృహమునకును తగినది. తండ్రి తాను విప్పిన చొక్కాను తానే తగిలించుకొనవలెను. తాను పరుండిన పక్కను తానే చుట్టవలెను. కుమారునకును కుమార్తెకును ఒకటే విధి యుండవలెను.

సోదరులారా! ఈ పనికి ధనము గాని, సభ గాని యక్కఱలేదు. నేటి రాత్రి నిద్రకు ముందు బిడ్డ ప్రక్కను కూర్చుండి, మీ వస్తువులను మీరును, వాని వస్తువులను వాడును సర్దుకొనుడు. మొదట నాలస్యమగును, కొన్ని వంకరగ నుండును. మీరు మరల దిద్దకుడు. వాని చేతులతో చేసిన పని యట్లే నిలువనిండు.